ఖాళీ బుట్టతో వచ్చినవాడు

"చివరిసారి అడుగుతున్నాను, జప్లాతిన్. ఇవాళ తెల్లవారుజామున మీరెక్కడున్నారు?"

"అడవిలో."

"అడవిలో ఎక్కడ?"

"చెట్ల మధ్య."

సీనియర్ ఇన్వెస్టిగేటర్ రోస్తిస్లావ్ బెల్యానినోవ్ పెన్నుకి మూత పెట్టి నా వంక చూశాడు. మీ పేట వాళ్ళంతా ఇంతేనా అన్నట్టుంది ఆ చూపు. అవును, ఇంతే. నేను కూడా ఇక్కడే పుట్టాను.

నా పేరు కపితోలినా గ్లెబోవ్నా ర్యాబినినా, సస్నోవ్కా పోలీస్ స్టేషన్‌లో కెప్టెన్ని. కామా నదికి అవతల పెర్మ్ నగరం, ఇవతల మేము. మావి అయిదంతస్తుల ఇళ్ళు, వాటి వెనక గరాజుల వరసలు, ఆ వెనక పైన్ అడవి. నగరం వాళ్ళు మమ్మల్ని పడుకోవడానికి మాత్రమే పనికొచ్చే పేట అంటారు. మా చిరునామాలో కూడా పెర్మ్ అనే ఉంటుంది, అయినా వంతెన దాటాల్సి వస్తే మేం "ఊళ్ళోకి వెళ్తున్నాం" అంటాం. ఊరు వాళ్ళది, సస్నోవ్కా మాది. ఈ మాట ఎవరి ముందైనా అంటాను.

బెల్యానినోవ్ ముందు ఆ ఉదయం రెండుసార్లు అన్నాను కూడా.

జరిగింది ఇది. మా గరాజుల సంఘం అధ్యక్షుడు వలెంతిన్ కుస్కోవ్ తన గరాజు కింద నేలమాళిగలో, నిచ్చెన మొదట్లో తల పగిలి పడి ఉన్నాడు. ఊపిరుంది, స్పృహ లేదు. ఆసుపత్రికి పంపాం. దెబ్బ ఎప్పుడు తగిలిందో కచ్చితంగా చెప్పలేమన్నారు డాక్టర్లు. అంబులెన్సుకి ఫోన్ చేసింది మూడు తలుపుల అవతల గరాజున్న అర్సేనీ తుచ్కోవ్. అడవిలోంచి పుట్టగొడుగుల బుట్టతో వస్తూ ఉంటే, కుస్కోవ్ గరాజులోంచి యెఫీమ్ జప్లాతిన్ పరుగున బయటికి రావడం చూశానన్నాడు. లోపలికి వెళ్ళి చూస్తే ఈ ఘోరమట.

యెఫీమ్ లుకీచ్ జప్లాతిన్‌కి డెబ్బై నిండాయి. పడవల మరమ్మతు కర్మాగారంలో జీవితమంతా వెల్డింగ్ చేసి రిటైరయ్యాడు. నేను జడలేసుకున్నప్పటి నుంచి బాబాయ్ అని పిలుస్తున్నాను. పోయిన వారమే ఆయన నలుగురిలో నిలబడి కుస్కోవ్ మీద అరిచాడు. "ఇంకోసారి అడవిలో నా వెనకాల వచ్చావంటే తల పగలగొడతా!" అన్నాడు. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను, కాదనలేను.

"బెదిరించాడు. పారిపోతుంటే చూసినవాడున్నాడు. ఎక్కడున్నాడో చెప్పడు." బెల్యానినోవ్ వేళ్ళు మడుస్తున్నాడు. "అన్నిటికంటే ముద్దొచ్చేది ఇది. పుట్టగొడుగులకని వెళ్ళిన మనిషి బుట్ట ఖాళీ! సెప్టెంబరు నెల, నిన్న మొన్న వానలు, అడవి నిండా పుట్టగొడుగులు. ఈయన బుట్టలో మాత్రం పైన్ చెట్టు సూది ఆకు ఒక్కటి కూడా లేదు. ఎవరి చెవిలో పువ్వు పెడదామని?"

ఆయన మాటలో పస ఉంది. నాకు నచ్చకపోయినా ఉంది.

మేం మాట్లాడుతున్నది కుస్కోవ్ గరాజుకి కాస్త ఎడంగా, వరస చివర ఉన్న ఇనుప బెంచీ దగ్గర. బెల్యానినోవ్ నా కళ్ళముందే బాబాయ్ కుడిచేతికి బేడీ వేసి, రెండో కొస బెంచీ కాలికి తగిలించాడు.

"ఇదేం పని? ఆ నీలం బాల్కనీ కనిపిస్తోందా? ఆయన ఇల్లదే. ఎక్కడికి పారిపోతాడు?"

"అడవిలోకి. చెట్ల మధ్యకి." నవ్వాడు. "ఖైదీల వ్యాన్ బయల్దేరింది. అది వచ్చేదాకా మీకు టైముంది కపితోలినా గ్లెబోవ్నా. ఆ తర్వాత ఈయన నా మనిషి."

వ్యాన్ వంతెన మీద ఇరుక్కుపోయింది. మా వంతెన ఎప్పుడూ మా పక్షమే. కానీ ఎంతసేపు? ఒకసారి అవతలి ఒడ్డు జైల్లో పడితే విచారణ పూర్తయ్యేసరికి చలికాలం దాటిపోతుంది. బాబాయ్ గుండెకి ఇప్పటికే రెండుసార్లు ఆపరేషనైంది. ఆ గదుల్లో ఆయన వసంతం చూడడని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు.

బెల్యానినోవ్ ఫోన్ మాట్లాడుకుంటూ పక్కకి వెళ్ళగానే ఆయన పక్కన కూర్చున్నాను.

"బాబాయ్, వాడికొద్దు. నాకు చెప్పు. ఎక్కడికెళ్ళావు?"

"నీకు చెప్తే నీ మొగుడికి చెప్తావు."

"మొగుణ్ణి వదిలేసి ఆరేళ్ళయింది."

"వాడికి ఫోన్ లేదా ఏంటి?"

"బాబాయ్! నిన్ను జైల్లో వేస్తున్నారు. అర్థమవుతోందా? పుట్టగొడుగుల చోటు కోసం జైలుకి పోతావా?"

"కాపా, ఆ చోటు మా నాన్న నాకు చూపించాడు. యుద్ధంలో దెబ్బతిన్న కాలితో కుంటుకుంటూ తీసుకెళ్ళి చూపించాడు. నేను నా పెళ్ళానికి కూడా చెప్పలేదు. ఈ బూట్లు తుడుచుకునే బాబుకి చెప్తానా?"

మా దగ్గర ఇది హాస్యం కాదు. ఒక మనిషి జీతమెంతో అడగచ్చు, ఆరోగ్యం సంగతి అడగచ్చు, పుట్టగొడుగులు ఎక్కడ కోశావని మాత్రం అడగకూడదు. అడిగినవాడికి అబద్ధం చెప్పినా తప్పు లేదు. అందులోనూ రీజిక్‌లు. నారింజ రంగు గొడుగు, కోస్తే నారింజ రంగు పాలు. పైన్ మొక్కల మధ్య అక్కడక్కడా ఒక్కో గుంపుగా మొలుస్తాయి. ఆ గుంపు దొరికినవాడు సస్నోవ్కాలో మీసం మెలేసి తిరుగుతాడు.

"సరే, చోటు చెప్పకు. బుట్ట ఎందుకు ఖాళీగా ఉందో అదైనా చెప్పు."

అంతదాకా నిటారుగా కూర్చున్న మనిషి ముఖం పక్కకి తిప్పేసుకున్నాడు. బేడీ వేసినప్పుడు కూడా అలా తిప్పుకోలేదు. మెడ దాకా ఎర్రబడింది. అది భయం కాదు, తల కొట్టేసినట్టయిన మనిషి సిగ్గు. 

లేచి కుస్కోవ్ గరాజులోకి వెళ్ళాను.

పైన ఆయన పాత నీవా కారు, గోడకి కొట్టిన మేకుకి దాని తాళంచెవి. కారు ముందు చెక్క మూత, మూత కింద నిచ్చెన. మా గరాజుల్లో కారు కంటే కింద మాళిగకే విలువెక్కువ.

"నేను చూసేశాను," అన్నాడు బెల్యానినోవ్ నా వెనకే వచ్చి, పైనుంచి. "బంగాళాదుంపలు, సీసాలు. దిగితే కోటు పాడవుతుంది, అంతే."

"నా కోటుని గురించి బెంగ పెట్టుకోకండి."

దిగాను. చిన్న బల్బు వెలుగుతోంది. గోడల నిండా అరలు. దోసకాయలు, టమాటాలు, ఆపిల్ పళ్ళ రసం. కుస్కోవ్ చెయ్యి మంచిదని పేటంతా ఒప్పుకుంటుంది. నిచ్చెన దగ్గర నెత్తుటి మరక, పక్కన పగిలిన సీసా ముక్కలు. వాటిని ఫోటోలు తీసినవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయారు. నేను మూల వైపు తిరిగాను.

మూలన చిన్న చెక్క తొట్టి. లోపల చేత్తో తడిమాను. కడిగి, వేడినీళ్ళు పోసి, ఆరబెట్టిన తొట్టి. అడుగున గుప్పెడు ముతక ఉప్పు చల్లి ఉంది. పక్కనే గుండ్రటి చెక్క మూత, దాని మీద పెట్టడానికి శుభ్రంగా తోమిన బరువు రాయి, ఉతికిన గుడ్డ. పక్క అర మీద కోసే పలక. పలక మీద చిన్న చిన్న మరకలు. వంగి చూశాను. మరకల మధ్యలో కాస్త నారింజ, అంచుల్లో పాచి పట్టినట్టు ఆకుపచ్చ.

ఉప్పు తప్ప ఇంకేమీ లేదు. వెల్లుల్లి లేదు, ఆకులు లేవు. ఇలా ఉప్పు ఒక్కటే వేసి పచ్చిగా ఊరబెట్టేది ఒక్క రీజిక్‌లనే.

తొట్టి ఉంది, ఉప్పు ఉంది, రాయి ఉంది, పలక మీద పాలు ఉన్నాయి. మరి రీజిక్‌లేవి? బుట్ట ఏది?

పైకొచ్చి దుమ్ము దులుపుకున్నాను. "పదండి, మీ సాక్షితో మాట్లాడదాం."

అర్సేనీ తుచ్కోవ్ తన గరాజు ముందు స్టూలేసుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్ళవాడు, అద్దె ట్రక్కు నడుపుతాడు, మాట తియ్యన. అతని పాదాల దగ్గర ఫెర్న్ ఆకులు కప్పిన బుట్ట.

"మళ్ళీ నేనా కెప్టెన్ గారూ? అన్నీ ఈ సారుకి చెప్పాను కదా."

"ఆయనకి చెప్పావు. నాకు చెప్పలేదుగా. యెఫీమ్ బాబాయ్ ఎటు పరిగెత్తాడు?"

"ఇళ్ళ వైపు. ఈ వయసులో అంత పరుగేంట్రా అనుకున్నా."

"నువ్వు ఎటునుంచి వస్తున్నావు?"

"చెప్పా కదా, అడవిలోంచి. పొద్దు పొడవక ముందే లేచి వెళ్ళా."

ఫెర్న్ ఆకు పక్కకి తీశాను. రీజిక్‌లు. అంచు దాకా రీజిక్‌లు. అన్నీ చిన్న గొడుగులే, ఒకే అంత, చూస్తే ఎవరికైనా నోరూరుతుంది.

"అబ్బా! అదృష్టవంతుడివయ్యా. ఎక్కడ కోశావు?"

"అది మాత్రం అడక్కండి!" పకపకా నవ్వాడు. "పెళ్ళాన్ని అడిగినా ఇచ్చేస్తా గానీ, చోటు చెప్పను."

"ఎప్పుడు కోశావు? అదైనా చెప్తావా?"

"ఇవాళ పొద్దున్నే. మంచు ఆరకముందు. అందుకే ఇంత తాజాగా ఉన్నాయి."

ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పాను. కాడ కోసినచోట ఎండిపోయి ఉంది, చుట్టూ ఆకుపచ్చ వలయం. గొడుగు కింద వేలు తగిలినచోటల్లా పచ్చ మరకలు. ఇంకోటి తీశాను. అదీ అంతే. అడుగున ఉన్నదీ అంతే.

నా ముఖంలో ఏమీ కనిపించనివ్వలేదు. అందులో నన్ను మించినవాళ్ళు లేరు.

"బాగున్నాయి. ఓసారి బుట్ట పట్టుకుని మాతో రా అర్సేనీ. ఈ సారు ఎప్పుడూ మంచి రీజిక్ చూడలేదట, చూపిద్దాం."

తుచ్కోవ్ నెమ్మదిగా స్టూలు మీంచి లేచాడు. తర్వాత బుట్ట ఎత్తుకున్నాడు. బెంచీ ముందునుంచి నడిచాం. బాబాయ్ అర్సేనీ చేతిలోని బుట్ట వంక చూశాడు. చూపు అక్కడే ఉండిపోయింది. బుట్ట వెళ్ళిపోయేదాకా చూసి, కళ్ళు మూసుకున్నాడు.

ఆ చూపుతో నాకు మొత్తం అర్థమైంది. నా మీద నాకు ఎంత గర్వం కలిగిందంటే, ఆపుకోవడం కష్టమైంది.

కుస్కోవ్ గరాజులో బుట్ట నేల మీద పెట్టించాను. గుప్పెడు రీజిక్‌లు తీసుకుని, "నువ్విక్కడే ఉండు అర్సేనీ," అన్నాను. "రోస్తిస్లావ్ మార్కోవిచ్, మీరు నాతో కిందకి రండి. కోటు నేను ఉతికిస్తాను."

వ్యాన్ వంతెన దిగిందని అప్పుడే ఫోనొచ్చింది. అందుకే కాబోలు, మూలుగుతూనే దిగాడు.

"త్వరగా కానివ్వండి. ఏమిటిది, తొట్టి?"

"ఇది చూడండి, ఉప్పు. ఇది పలక. ఇవి పలక మీద మరకలు. ఇప్పుడు నా చేతిలోవి చూడండి."

"జడ్జి గారి ముందు పుట్టగొడుగుల్ని సాక్ష్యం చెప్పిస్తారా?"

"మీరు వినండి, తర్వాత నవ్వండి. ఇవి ఇవాళ పొద్దున కోసినవి అయితే కాడ చివర పాలు ఇంకా నారింజ రంగులోనే ఉండాలి. ఇలా ఆకుపచ్చగా మారి ఎండాయంటే రాత్రంతా బుట్టలో ఉన్నట్టు. అర్సేనీ ఇవాళ అడవికి వెళ్ళనే లేదు. వెళ్ళనివాడు అడవిలోంచి వస్తూ ఎవరినీ చూడలేదు."

బెల్యానినోవ్ ఒక రీజిక్ తీసుకుని బల్బు కిందకి పట్టుకున్నాడు.  ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఎగతాళి చేస్తాడనుకున్నాను, చెయ్యలేదు.

"మా అమ్మమ్మ..." అన్నాడు నెమ్మదిగా. "రీజిక్‌లు తెచ్చిన సాయంత్రమే ఉప్పు వెయ్యాలనేది. అవి తొట్టిలోకి చేరకుండా ఎవరికీ అన్నం పెట్టేది కాదు."

"అదే! ఏ ఇంట్లోనైనా అదే. కుస్కోవ్ తొట్టి ఎందుకు సిద్ధం చేశాడు? నిన్న బుట్టెడు రీజిక్‌లు తెచ్చాడు. నిన్న సాయంత్రమే ఇక్కడ కూర్చుని కాడలు కోస్తున్నాడు. దెబ్బ పడింది అప్పుడు, ఇవాళ తెల్లవారుజామున కాదు. నిన్న సాయంత్రం నుంచి చీకటిపడి ఇళ్ళలోకి వెళ్ళేదాకా యెఫీమ్ బాబాయ్ మా పెరట్లో అందరి మధ్య డొమినోలు ఆడాడు. ఆయన అరుపులకి నేను కిటికీ మూసుకున్నాను."

"ఖాళీ బుట్ట సంగతి?"

"కుస్కోవ్‌కి చివరికి ఆ చోటు దొరికింది! వెనకాల పడీ పడీ కనిపెట్టాడు, మొత్తం కోసేశాడు. పొద్దున బాబాయ్ వెళ్ళేసరికి మొదళ్ళు తప్ప ఏం లేవు. నాన్న ఇచ్చిన చోటుని పక్కింటివాడు ఊడ్చుకుపోయాడని, ఖాళీ బుట్టతో తిరిగొచ్చానని నోరు తెరిచి చెప్పుకుంటాడా? మా మనిషి చెప్పడు. జైలుకైనా పోతాడు గానీ చెప్పడు."

బెల్యానినోవ్ చేతిలోని రీజిక్‌ని పలక పక్కన పెట్టి మరకలు పోల్చి చూశాడు. "అయితే తుచ్కోవ్ ఎందుకు కొట్టినట్టు?"

"ఈ వేసవంతా ఇక్కడ గరాజుల తాళాలు విరుగుతున్నాయి. టైర్లు, బ్యాటరీలు మాయం. దొంగెవరో పట్టేశాననీ, సోమవారం వచ్చి చెప్తాననీ కుస్కోవ్ నాతో అన్నాడు. ట్రక్కున్నవాడికి టైర్లు మొయ్యడం ఎంత పని?"

"కొట్టినవాడు పోతూ పోతూ పుట్టగొడుగుల బుట్ట పట్టుకెళ్ళాడా? ఏ దొంగ అంత వెర్రివాడు?"

"వెర్రి కాదండీ. సస్నోవ్కావాడు! మనిషి తల పగలగొట్టగలడు గానీ, బుట్టెడు రీజిక్‌లు కుళ్ళిపోతుంటే వదిలేసి వెళ్ళగలడా? చెయ్యి రాదు. అర్సేనీ పప్పులో కాలేసింది అక్కడే."

నా గొంతు చిన్నది కాదు. గెలిచినప్పుడు అసలే చిన్నది కాదు. పైన మూత తెరిచే ఉందని, మూత పక్కన అర్సేనీ ఉన్నాడని నాకు ఎందుకు గుర్తు రాలేదో ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మూత ధడాలున పడింది.

బెల్యానినోవ్ ఒక్క ఊపున నిచ్చెనెక్కి భుజంతో తోశాడు. పైన కారు తలుపు చప్పుడైంది, ఇంజన్ గుర్రుమంది. చెక్క కిర్రుమని వంగింది. కారు చక్రం సరిగ్గా మూత మీదకొచ్చి ఆగింది. తర్వాత గరాజు ఇనుప రెక్కలు మూసుకున్న మోత, గడియ పడిన మోత. పరిగెత్తుతున్న అడుగులు.

ఇంజన్ మాత్రం ఆగలేదు.

"తలుపులన్నీ మూసి, ఇంజన్ ఆపకుండా వదిలేశాడు," అన్నాడు బెల్యానినోవ్. పాలిపోయాడు. మూత సందుల్లోంచి నీలం పొగ అప్పుడే కిందికి జారుతోంది. చలికాలం మొదట్లో ప్రతి ఏడాదీ ఎవరో ఒకరు మూసిన గరాజులో ఇంజన్ వేడిచేసుకుంటూ నిద్రలోకి జారుకుని లేవరు. అది మా ఇద్దరికీ తెలుసు.

ఫోన్లు తీశాం. కాంక్రీటు కింద సిగ్నల్ లేదు. వ్యాన్ వచ్చేదాకా పొగ ఆగదు. శనివారం, బంగాళాదుంపలు తవ్వే రోజు. పేట పేటంతా తోటల్లో ఉంది. గరాజుల్లో పురుగు లేదు, ఒక్క మనిషి తప్ప.

గాలి కోసం కప్పులోంచి బయటికి తీసిన గొట్టం ఉంది. ఉప్పు తొట్టి బోర్లించి, దాని మీద నిలబడి గొట్టానికి నోరానించాను.

"బాబాయ్! యెఫీమ్ బాబాయ్!"

"ఏంటే కాపా, అరుస్తావు? నాకేం చెవుడా?" గొట్టంలోంచి ఆయన గొంతు సన్నగా వచ్చింది. "అర్సేనీగాడు నా ముందునుంచే తోక తొక్కినట్టు పరిగెత్తాడు. ఏమైంది?"

"మమ్మల్ని లోపల పెట్టి కారు స్టార్ట్ చేశాడు! పొగ! వచ్చి తలుపు గడియ తియ్యి!"

బేడీని గట్టిగా గుంజిన చప్పుడైంది.

"బెంచీకి కట్టేసి రమ్మంటావేంటే?"

నేను బెల్యానినోవ్ వైపు తిరిగాను. అడగక్కర్లేకపోయింది. కోటు జేబులోంచి చెయ్యి బయటికి తీశాడు. అరచేతిలో బేడీల తాళంచెవి.

అప్పుడు వినపడింది. పైన, దూరంగా, కంకర మీద ఇనుము ఈడ్చుకొస్తున్న చప్పుడు. గీరుకుంటూ ఒక అడుగు, ఆగడం, మళ్ళీ ఒక అడుగు.

"ఆ బెంచీ... బరువెంత?" అన్నాడు బెల్యానినోవ్. దగ్గు తెర ఆయన్ని నిలబడనివ్వలేదు.

"పెట్టినప్పుడు నలుగురు మోశారు."

"ఆయనకి గుండె..."

"తెలుసు."

చప్పుడు ఇంకాస్త దగ్గరికొచ్చింది. నా కళ్ళు మండుతున్నాయి, తల దిమ్మెక్కిపోతోంది. అయినా సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు భయం కంటే గర్వమే ఎక్కువ కలిగింది. ఉదయం నుంచి చేతికి బేడీ వేసి కూర్చోబెట్టినవాళ్ళ కోసం, నలుగురి బరువు లాక్కుంటూ వస్తున్నది మా మనిషి.

చప్పుడు ఆగిపోయింది.

ఇంజన్ మోత తప్ప ఏమీ లేదు. పిలవబోతే దగ్గొచ్చింది.

బెల్యానినోవ్ నన్ను పక్కకి నెట్టి తొట్టెక్కాడు. ఉదయం నుంచి "జప్లాతిన్, జప్లాతిన్" అని తప్ప అనని మనిషి గొట్టానికి నోరానించి, ఊపిరంతా కూడదీసుకుని కేకేశాడు.

"యెఫీమ్ లుకీచ్ గారూ! తండ్రీ! లేవండి!"

చాలాసేపటి తర్వాత, గరాజు తలుపు అవతలే, ఇనుము కంకర మీద మళ్ళీ కదిలింది.